గాయపడ్డ గద్ద కనబడితే: బెంగళూరులో ఉన్న మనవాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

ఆషాఢంలో ఒక ఆదివారం. మున్నేకొలాలలో మేం అద్దెకుంటున్న బిల్డింగ్ మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్ళిన మా ఆవిడ, తడిబట్టల బకెట్‌తో అలాగే కిందికి దిగి వచ్చింది. "ట్యాంకు పక్కన గద్ద ఉంది. దగ్గరికి వెళ్ళినా ఎగరట్లేదు" అంది. వెళ్ళి చూస్తే కుడిరెక్క నేలకి వాలిపోయి ఉంది. రెక్క మడతలో గులాబీరంగు మాంజా, అంటే గాలిపటాల దారం, దిగబడి ఉంది.

ఆ రోజు నేను చేసిన ఘనకార్యాలు ఇవి. దారం కొస పట్టుకుని లాగాను. బట్టల బుట్ట బోర్లించి గద్దని మూశాను. పాపం దాహమేస్తుందేమో అని చెంచాతో నీళ్ళు పోశాను, నీరసంగా ఉందని కాసిని పాలు కూడా పోశాను. పక్క ఫ్లాట్ల పిల్లలందరినీ పిలిచి చూపించాను. ఇవన్నీ అయ్యాక సాయంత్రం అయిదింటికి పక్షుల్ని కాపాడే ఒక వాలంటీర్‌కి ఫోన్ చేశాను. రాత్రి గడిచింది, తెల్లారేసరికి గద్ద పోయింది. ఆ అబ్బాయి నన్ను తిట్టలేదు గానీ ఒక మాట అన్నాడు: "మీరు చేసిన అయిదు పనుల్లో ఫోనొక్కటే కరెక్టండీ. దాన్ని ఆఖర్న పెట్టారు."

ఆ తర్వాత ఇప్పటిదాకా నా చేతుల మీదుగా మూడు గద్దలు, ఒక చిన్న డేగ, ఒక గుడ్లగూబ ఆసుపత్రికి వెళ్ళాయి. నేను డాక్టర్ని కాను. ఇక్కడ రాసేదంతా పక్షి కనబడిన నిమిషం నుంచి డాక్టర్ చేతికి అందే నిమిషం దాకా జరగాల్సిన సంగతి. ఆ మధ్యలో మనది అంబులెన్స్ డ్రైవర్ పని. అంబులెన్స్ డ్రైవర్ ఆపరేషన్ చేయడు కదా.

ముందు దూరం నుంచి చూడండి

నేల మీద కనబడిన ప్రతి గద్దకీ గాయం అయిందనుకోవద్దు. బెంగళూరులో మనకి ఎక్కువగా కనబడేది నల్లగద్ద. మాంసం కొట్ల పైనా చెత్తకుప్పల పైనా గుండ్రంగా తిరిగేది, తోక చివర చీలినట్టుండేది అదే. చలికాలంలో గూళ్ళు కట్టడం మొదలుపెడితే ఎండాకాలానికి పిల్లలు బయటికి వస్తాయి. ఎగరడం నేర్చుకునే పిల్ల ఒక్కోసారి గోడ మీదో షెడ్డు మీదో దిగి గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. ఈకల అంచులు లేతరంగులో చుక్కలు చుక్కలుగా ఉండి, రెండు రెక్కలూ ఒకే ఎత్తులో మడిచి, మెడ తిప్పి చురుగ్గా చూస్తూ ఉంటే అది పిల్ల. తల్లి పైనే ఎక్కడో ఉంటుంది. ఆ సంగతి మీకు త్వరగానే తెలుస్తుంది, మీ నెత్తి మీదకే వచ్చి తన్నిపోతుంది కాబట్టి! అప్పుడు గొడుగు వేసుకుని వెనక్కి వచ్చేయడమే సాయం.

మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదని మన ఊళ్ళలో అంటారు. అది నిజం కాదు. చెట్టు కింద పడ్డ పిల్లకి దెబ్బ తగలలేదనిపిస్తే, పిల్లులూ కుక్కలూ అందుకోలేని కొమ్మ మీద పెట్టి దూరంగా వెళ్ళిపోతే చాలు. ముఖ్యంగా పైడికంటె పిల్లల విషయంలో ఇది బాగా పనిచేస్తుంది. పసుపు కళ్ళతో, ఒంటి నిండా తెల్లచుక్కలతో పిడికెడంత ఉండే చిన్న గుడ్లగూబ అది. చీకటి పడగానే తల్లిదండ్రులు వెతుక్కుంటూ వస్తాయి. ఇంకా నూగు మీదే ఉన్న గద్ద పిల్ల అయితే, దాని గూడు ఏ యాభై అడుగుల ఎత్తునో ఉంటుంది. ఎక్కే సాహసం చేయకుండా ఫొటో తీసి తెలిసినవాళ్ళకి పంపి అడగండి.

సాయం కచ్చితంగా కావాలని చెప్పే గుర్తులు వేరు. ఒక రెక్క రెండోదానికంటే కిందికి వేలాడుతుంటుంది. నిలబడలేక పక్కకి ఒరుగుతుంది. ఒంటి మీద దారం గానీ నెత్తురు గానీ కనబడుతుంది. మెడ ఒకవైపుకే తిప్పి ఉంచుతుంది. ఈగలు వాలుతుంటాయి. మీరు మూడడుగుల దగ్గరికి వచ్చినా కళ్ళు సగం మూసుకునే ఉంటుంది. ఈ ఆఖరిదాన్ని చాలామంది "భలే మచ్చికగా ఉందే" అనుకుంటారు. అడవి పక్షి మచ్చికగా ఉందంటే చావుకి దగ్గరగా ఉందని అర్థం.

ఇంకొక తిరకాసు. పిల్లి నోట పడి బయటపడ్డ పక్షి పైకి బాగానే కనబడవచ్చు. కానీ పిల్లి పళ్ళు సూదుల్లాంటివి. పైన కనబడని రంధ్రం లోంచి సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళిపోతాయి, యాంటీబయాటిక్ పడకపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. కరెంటు తీగ తగిలిన గద్ద కూడా అంతే. కాలిన భాగం చచ్చుబడటం కొన్నాళ్ళ తర్వాత గానీ తెలియదు. అందుకే ఈ రెండు సందర్భాల్లో, ఎగురుతోంది కదా అని వదిలేయకండి.

చేయి వేయకముందే ఫోన్

కర్ణాటక అటవీ శాఖ హెల్ప్‌లైన్ 1926. కెంగేరిలో పీపుల్ ఫర్ ఆనిమల్స్ వాళ్ళు 1996 నుంచి నడుపుతున్న వన్యప్రాణుల ఆసుపత్రి ఉంది. పక్షులూ పాముల కోసమే పనిచేసే ఏవియన్ అండ్ రెప్టైల్ రీహాబిలిటేషన్ సెంటర్ కూడా బెంగళూరులోనే ఉంది. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది. ఫోన్ నంబర్లు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఇప్పుడే వెతికి ఫోన్‌లో 'గద్ద' అని సేవ్ చేసుకోండి. గద్ద మేడ మీద పడ్డాక వెతకడం మొదలుపెడితే చేతులు వణుకుతాయి, అనుభవంతో చెబుతున్నాను.

మన వీధి చివరి కుక్కల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళవచ్చా? చాలా క్లినిక్‌లలో అడవి పక్షుల్ని చూడరు. వాళ్ళ తప్పేమీ లేదు, ఆ వైద్యం వేరు. ఫోన్ చేసి అడిగి వెళ్ళండి.

ఎత్తిన మనిషికి తెలుగు రావచ్చు, రాకపోవచ్చు. రెండు ముక్కలు కన్నడంలో నేర్చుకోండి. కన్నడంలో గద్దని హద్దు అంటారు, గుడ్లగూబని గూబె అంటారు. "హద్దిగె గాయ ఆగిదె, హారక్కె ఆగ్తాయిల్ల" అంటే గద్దకి గాయమైంది, ఎగరలేకపోతోంది అని. రెక్కని వాళ్ళూ రెక్కె అనే అంటారు, ఆ కష్టం లేదు. ఆ తర్వాత చెప్పాల్సినవి: ఎక్కడ ఉంది (లొకేషన్ పంపండి, "మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర" అంటే వాళ్ళకి ఏమీ తెలియదు), ఎప్పటినుంచి అక్కడుంది, దారం తగిలిందా, పిల్లి పట్టిందా, కరెంటు కొట్టిందా, ఇంకేదైనానా, నెత్తురు కారుతోందా. దూరం నుంచి తీసిన రెండు ఫొటోలు, పది సెకన్ల వీడియో పంపితే సగం సంగతి అర్థమైపోతుంది.

వాళ్ళు వస్తామంటే మీరు చేయాల్సింది కాపలా. కాకుల్నీ కుక్కల్నీ పిల్లల్నీ దగ్గరికి రానివ్వకండి. సెల్ఫీలవాళ్ళని అసలు రానివ్వకండి. మేం రాలేం, మీరే తెండి అంటే (ఆషాఢంలో, ఎండాకాలంలో ఎక్కువగా ఇదే జవాబు, వాళ్ళకి రోజంతా ఫోన్లు మోగుతూనే ఉంటాయి) అప్పుడు కింద రాసింది చదవండి.

పెట్టె ముందు, పక్షి తర్వాత

పక్షిని చేతిలో పట్టుకుని పెట్టె కోసం ఇల్లంతా తిరిగేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పెట్టె ముందు సిద్ధం చేసుకోండి.

అట్టపెట్టె కంటే మంచిది లేదు. గద్ద ముక్కు నుంచి తోక దాకా దగ్గర దగ్గర రెండడుగులు ఉంటుంది కాబట్టి మైక్రోవేవ్ ఓవెన్ వచ్చిన పెట్టె లాంటిది కావాలి. చిన్న డేగకి మిక్సీ పెట్టె, పైడికంటెకి చెప్పుల పెట్టె సరిపోతాయి. లోపల నిలబడగలగాలి గానీ రెక్కలు విప్పి కొట్టుకునేంత జాగా ఉండకూడదు. కింది సగంలో పది పన్నెండు రంధ్రాలు పెట్టండి. లోపలి నుంచి బయటికి పొడిస్తే గరుకు అంచులు బయటి వైపుకి ఉంటాయి. ఈ పని పక్షి లోపలికి వెళ్ళకముందే చేయాలి. అడుగున పాత లుంగీ గానీ టీషర్టు గానీ మడిచి పరవండి. ఉత్త న్యూస్‌పేపర్ మీద కాళ్ళు జారతాయి. ఉంగరాల దారాల తువ్వాలు పరిస్తే గోళ్ళు ఇరుక్కుంటాయి.

ఇనుప పంజరం, చిలకల గూడు, బట్టల బుట్ట, ఇవేవీ వద్దు. వెలుతురూ మనుషులూ కనబడుతుంటే అది భయంతో కడ్డీలకేసి కొట్టుకుంటుంది, పెద్ద ఈకలు విరిగిపోతాయి. విరిగిన ఈక మన గోరులా పెరగదు. పాతది రాలి కొత్తది వచ్చేదాకా ఆగాల్సిందే, దానికి నెలలు పడుతుంది. ఎముక అతికాక కూడా ఈకలు లేవని ఆసుపత్రిలో నెలల తరబడి ఉండిపోయే గద్దలు ఉంటాయి.

పట్టుకోవడం

ముక్కుని చూసి భయపడతాం గానీ గద్దకి ఆయుధం కాళ్ళు. తన్నుకుపోయిందంటాం కదా, ఆ మాట ఊరికే పుట్టలేదు. మోకాలు వంచితే చాలు వేళ్ళ నరాలు (టెండన్లు, కండని ఎముకకి కట్టే తాళ్ళ లాంటివి) బిగుసుకుని గోళ్ళు మూసుకుంటాయి, పట్టు అలాగే తాళం పడిపోతుంది. గాయపడ్డ గద్ద వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తితే సరెండర్ అయిందనుకోకండి, అది యుద్ధానికి సిద్ధమవుతున్న భంగిమ.

మందపాటి స్నానం తువ్వాలు లేదా పాత దుప్పటి తీసుకోండి. తోటపని చేతి తొడుగులు ఉంటే వేసుకోండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, ముఖం దగ్గరికి తేకండి. మేడ మీద అయితే పిట్టగోడ వైపు నుంచి వెళ్ళండి, అంటే పక్షికీ అంచుకీ మధ్యలో మీరుండాలి. లేకపోతే మీకు భయపడి కిందికి దూకేస్తుంది. గట్టిగా మాట్లాడకండి. నెమ్మదిగా వెళ్ళి, ఒక్కసారిగా తల, రెక్కలు, తోక అన్నీ కప్పేలా తువ్వాలు వేయండి. చీకటి పడగానే అది సగం నెమ్మదిస్తుంది. పాతకాలంలో డేగలతో వేటాడేవాళ్ళు డేగ కళ్ళకి తోలు కుళ్ళాయి తొడిగేది ఇందుకే.

కప్పాక పై నుంచి రెండు చేతులతో, రెక్కలు ఒంటికి ఆనేట్టు మడిచి పట్టుకోండి. వేలాడే రెక్కని సరిచేద్దామని లాగకండి, ఉన్నదున్నట్టుగా దగ్గరికి తెస్తే చాలు. కాళ్ళు మీ ఒంటికి దూరంగా ఉండాలి. ఛాతీ గట్టిగా నొక్కకూడదు. పక్షికి మనలాగా డయాఫ్రమ్ ఉండదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ప్రేమగా గుండెకి హత్తుకుంటే చచ్చిపోతుంది. తువ్వాలుతో సహా పెట్టెలో దించి, తువ్వాలు మెల్లగా తీసేయండి. తీయడం కుదరకపోతే వదులు చేసి అలాగే ఉంచండి.

జాగ్రత్త పడినా గోళ్ళు చేతిలో దిగితే? లాగొద్దు. లాగేకొద్దీ బిగుస్తుంది. ఇంకొకరి సాయంతో దాని కాలిని నిటారుగా చాపించండి. కాలు సాగితే నరాలు వదులవుతాయి. వెనకవేలు ముందు విప్పండి, తర్వాత మిగతావి. ఒంటరిగా ఉంటే కదలకుండా కాసేపు ఆగండి, చీకట్లో చాలాసార్లు తనే వదిలేస్తుంది. నా ఎడమచేతి బొటనవేలి కింద ఉన్న మచ్చ ఆగలేకపోయినందుకే.

మాంజా గురించి కాస్త ఎక్కువగా

మన ఊళ్ళలో సంక్రాంతికి పతంగులు ఎగరేస్తాం. ఇక్కడ ఆషాఢం గాలికి గాళిపట ఎగరేస్తారు. నైలాన్ మాంజానీ, గాజుపొడి పూసిన దారాల్నీ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతా నిషేధించింది. దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. పండగ అయిపోయినా దారం చెట్ల మీదా టవర్ల మీదా ఉండిపోతుంది. నూలుదారంలా చివకదు కాబట్టి ఏడాది పొడుగునా పక్షుల్ని కోస్తూనే ఉంటుంది.

గద్ద రెక్కలో భుజానికీ మణికట్టుకీ మధ్య ముందు అంచున పల్చటి చర్మపు పొర ఉంటుంది. తెరచాప లాంటిది. దాని అంచులో ఒక నరం సాగి ఉంటుంది. మాంజా సాధారణంగా ముందు దీన్నే కోస్తుంది. నరం తెగకుండా పొర మాత్రం చిరిగితే కుట్టవచ్చు, ఎగరవచ్చు. నరం తెగితే మళ్ళీ ఆకాశం కష్టం. మనం దారం పట్టుకుని లాగినప్పుడు జరిగేది ఇదే, సగం తెగింది పూర్తిగా తెగుతుంది. నేను లాగినప్పుడు ఏం తెగిందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

కాబట్టి నియమం ఒకటే: ఒంట్లో దిగిన దారాన్ని ముట్టుకోవద్దు. ఒంటికి జానెడు దూరంలో కత్తెరతో కత్తిరించి, మిగిలింది అలాగే ఉంచి పెట్టెలో పెట్టండి. విడదీయడం డాక్టర్ పని, మత్తు ఇచ్చి చేస్తారు. బాల్కనీలో పావురాల కోసం కట్టే వలలో ఇరుక్కున్న డేగకీ ఇదే పద్ధతి. చిక్కు విప్పుతూ కూర్చోకుండా, దాన్ని తువ్వాలుతో కప్పి, చుట్టూ ఉన్న వల ముక్కని కత్తిరించి దాంతో సహా పెట్టెలో పెట్టండి. వల ఓనరుది కదా, డిపాజిట్‌లో కోసుకుంటాడేమో అని మా పక్కింటాయన అరగంట ఆలోచించాడు. అయిదు వందల వల అది.

చెట్టు చిటారున దారానికి వేలాడుతుంటే మీరు ఎక్కకండి. రక్షించేవాళ్ళ దగ్గర పొడవాటి కర్రలుంటాయి, ఫైర్ సర్వీస్ వాళ్ళూ సాయం చేస్తారు, 112కి చేయండి. కింద నలుగురు దుప్పటి చాపి పట్టుకుని నిలబడండి, దారం తెగితే నేరుగా నేల మీద పడకుండా. కరెంటు తీగ మీద ఉంటే కర్ర కూడా ఎత్తొద్దు. కరెంటు కంపెనీ బెస్కాం నంబర్ 1912. కరెంటు ఆపారని వాళ్ళ నోటితో చెప్పేదాకా ఎవరూ దగ్గరికి వెళ్ళకూడదు. తడిసిన వెదురు కర్ర కూడా కరెంటు పాస్ చేస్తుంది.

పెట్టెలో పెట్టాక: చేయకూడని వైద్యాలు

మూత వేయండి, టేపు వేయండి, ఇంట్లో టీవీ లేని గదిలో నేల మీద పెట్టండి. ఇంక తెరవకండి. ఎలా ఉందో అని పదినిమిషాలకోసారి మూత ఎత్తడం మనకి ఊరట, దానికి నరకం. దాని దృష్టిలో మనం దాన్ని తినబోయే జంతువులం. ఆ భయానికే కొన్ని పక్షుల ప్రాణం పోతుంది.

మా ఇంటి కింద పోర్షన్ పిన్నిగారు నెల్లూరు వాళ్ళు. హస్తవాసి ఉన్న మనిషి, అందరి దెబ్బలకీ ఆవిడే డాక్టర్. రెండో గద్ద దొరికినప్పుడు పసుపు డబ్బా పట్టుకుని వచ్చారు.

"కాస్త అద్దు బాబూ, నెత్తురు ఆగుతుంది."

"వద్దు పిన్నిగారూ, డాక్టర్ గాయం కడిగి చూడాలంటే ఆ పసుపంతా గీకాల్సొస్తుంది."

ఆవిడ నొచ్చుకున్నారు. నొచ్చుకున్నా సరే వద్దు. పసుపు, కాఫీపొడి, డెట్టాల్, సున్నం, ఏదీ వద్దు. నెత్తురు ధారగా కారుతుంటే శుభ్రమైన బట్ట ముక్క పెట్టి రెండు మూడు నిమిషాలు వేలితో అదిమి పట్టుకోండి, అంతే. ఆగాక బట్టని లాగేయకండి. గాయాన్ని నీళ్ళతో కడగడం కూడా వద్దు. దీనికో కారణముంది: పక్షి పైరెక్క ఎముక లోపల డొల్ల, అది గాలిసంచులతో కలిసి ఉంటుంది. ఎముక విరిగి బయటికి వచ్చిన చోట నీళ్ళు పోస్తే నేరుగా ఊపిరి దారిలోకి వెళ్ళవచ్చు. అగ్గిపుల్లలు పెట్టి కట్లు కట్టడం, ప్లాస్టర్లు అంటించడం ఎవరో వీడియోలో చూపించారని చేయకండి. చీకటి పెట్టెలో కదలకుండా ఉండటమే దానికి కట్టు.

నోట్లో ఏమీ పోయకండి. దాని నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం తెరుచుకుని ఉంటుంది. మనం ముక్కు తెరిచి పోసిన నీళ్ళు పొట్టలోకి వెళ్ళాయో ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయో మనకి తెలియదు. గద్దలకి కావాల్సిన నీరు చాలావరకు అవి తినే మాంసం నుంచే వస్తుంది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో సొమ్మసిల్లి పడ్డ గద్దకి నీరు అవసరమే, అయితే దాన్ని డాక్టర్ సూదితోనో గొట్టంతోనో ఇస్తాడు. ఆలోపు మీరు చేయగలిగింది పెట్టెని చల్లటి గదిలో పెట్టడం. నిలబడి చురుగ్గా ఉంటే, అవతలివాళ్ళు ఫోన్‌లో సరేనంటే, లోతు లేని గిన్నెలో నీళ్ళు ముందు పెట్టవచ్చు. ప్రయాణంలో ఆ గిన్నె తీసేయాలి.

తిండి? ఒక్కరాత్రి తినకపోతే గద్దకి ఏమీ కాదు. రోజుల తరబడి ఆకలితో చిక్కిపోయిన పక్షికి ఒక్కసారిగా చికెన్ ముక్కలు పెడితే మాత్రం ప్రమాదం, ఎండిపోయిన ఒళ్ళు దాన్ని అరిగించుకోలేదు. పాలు, బ్రెడ్డు, అన్నం, బిస్కెట్లు దాని తిండే కాదు. పాలు తాగే పక్షి ఈ లోకంలో లేదని నాకు ముప్పై నాలుగేళ్ళ వయసులో తెలిసింది.

నొప్పి మాత్రల సంగతి మరీ గట్టిగా చెప్పాలి. మన ఇంట్లో ఉండే పెయిన్‌కిల్లర్ ముక్క కూడా ఇవ్వకండి. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లో చేరి, కిడ్నీలు పాడై దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పశువైద్యంలో ఆ మందుని 2006లో నిషేధించారు. మనుషుల మెడికల్ షాపులో అది ఇప్పటికీ దొరుకుతుంది.

ఒంటికి వేడి అవసరమా అంటే, వానలో తడిసి వణుకుతూ ముడుచుకున్న పక్షికి అవసరం. గోరువెచ్చని నీళ్ళ సీసాకి బట్ట చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి, వేడెక్కువైతే అది పక్కకి జరిగేలా. నోరు తెరిచి రొప్పుతున్న పక్షికి ఇది చేయకూడదు.

ప్రయాణం

పక్షి ఎముకలు మనవాటికంటే చాలా త్వరగా అతుక్కుంటాయి. మంచి సంగతే గానీ, వంకరగా ఉన్నా అలాగే అతుక్కుంటాయి. రెండు మూడు రోజులు ఇంట్లో చూసి, తగ్గకపోతే తీసుకెళ్దాం అనుకుంటే పని చెడిపోతుంది. అదే రోజు తీసుకెళ్ళండి.

మారతహళ్ళి నుంచి కెంగేరి అంటే ఊరికి ఈ చివర నుంచి ఆ చివర. సాయంత్రం ఆరింటికి బయల్దేరితే సిల్క్ బోర్డు దగ్గరే గద్దకీ మీకూ ఇద్దరికీ ఓపిక పోతుంది. వెళ్ళేముందు ఫోన్ చేసి ఎన్నింటిదాకా తీసుకుంటారో అడగండి. తూర్పు వైపు ఉన్నవాళ్ళు దగ్గర్లో వాలంటీర్ ఎవరైనా ఉన్నారేమో అడిగితే మంచిది, కొన్నిసార్లు సగం దూరంలో కలుసుకుని తీసుకుంటారు. రాత్రయితే తెల్లవారుజామున అయిదున్నరకి బయల్దేరడం మేలు, రోడ్డు ఖాళీగా ఉంటుంది.

ఆటో కంటే కారు నయం. పెట్టెని సీటు కింద కాళ్ళ దగ్గర, లేదా ఒడిలో పట్టుకోండి. డిక్కీలో వద్దు. పాటలు ఆపమనండి. క్యాబ్ ఎక్కేముందే డ్రైవర్‌కి చెప్పండి, మధ్యలో పెట్టె లోంచి గోళ్ళ చప్పుడు వచ్చి ఆయన కంగారు పడటం కంటే అది నయం. నాకు ఒకసారి చిత్తూరు వైపు డ్రైవరన్న దొరికాడు. పెట్టెలో ఉన్నది గరుడపక్షి అనుకుని చెప్పులు విప్పేసి బండి నడిపాడు. అది నల్లగద్ద అని చెప్పబోయి ఊరుకున్నాను, బండి అంత మెల్లగా ఎవరూ నడపరు.

పెట్టె మీద మార్కర్‌తో రాయండి: ఎక్కడ దొరికింది, తేదీ, సమయం, ఏం జరిగింది, మీరు ఏమైనా పెట్టారా. పాలు పోసి ఉంటే సిగ్గుపడకుండా అది కూడా రాయండి, డాక్టర్‌కి పనికొస్తుంది. దొరికిన చోటు రాయడం మర్చిపోవద్దు. బాగైతే తిరిగి అదే ప్రాంతంలో వదలడం దానికి మంచిది. దానికి తెలిసిన చెట్లు, తెలిసిన మాంసం కొట్లు, ఒక్కోసారి జత కూడా అక్కడే ఉంటాయి.

అప్పగించాక, అప్పగించకపోతే

ఇంట్లో పెంచుకుంటాం అనే ఆలోచన పిల్లలున్న ఇంట్లో తప్పకుండా వస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇలాంటి ప్రాణి చేతికి వస్తే 48 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అధికారం ఉన్న అధికారికో తెలియజేయాలి. దాచి పెంచుకోవడం నేరం. కాపాడి తీసుకెళ్ళినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు, ఆ భయంతో రోడ్డు మీద వదిలేయకండి. పైగా మనుషుల మధ్య పెరిగిన గద్ద పిల్ల మనుషుల్నే తనవాళ్ళనుకుంటుంది. బయట వదిలితే తిండి కోసం ఎవరి భుజం మీదో వాలుతుంది. అది అడవి పక్షి అని తెలియనివాడు కర్ర తీస్తాడు.

ఆసుపత్రిలో రసీదు నంబర్ ఇస్తే దాచుకోండి. వారం తర్వాత ఒకసారి అడగండి, రోజూ అడగకండి. జవాబు ఎప్పుడూ బాగుండదు. ఎగరలేదని, బతికినా బాధే అని తేలితే కొన్నిటిని నొప్పి లేకుండా పోనిస్తారు. నేను తీసుకెళ్ళిన మూడింట్లో ఒకదాని సంగతి అలాగే అయింది. వాళ్ళతో వాదించాలనిపించింది, వాదించలేదు. ఇంకొకటి నాలుగు నెలల తర్వాత ఎగిరింది.

గుడ్లగూబ అయితే

గుడ్లగూబ ఇంట్లో దూరితే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలని నమ్మే ఇళ్ళు మనవైపు ఇంకా ఉన్నాయి. లక్ష్మీదేవి వాహనమని దండం పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఎవరి నమ్మకం వాళ్ళది, గానీ రాళ్ళు రువ్వడం, చీపురుతో తరమడం వద్దు. అది దారి తప్పి వచ్చింది. ముందు ఫ్యాన్ ఆపండి, అన్నిటికంటే ముందు చేయాల్సింది అదే. తర్వాత గదిలో లైట్లు తీసేసి, కిటికీలు పూర్తిగా తెరిచి, తలుపు వేసి బయటికి వచ్చేయండి. రాత్రయితే వెళ్ళిపోతుంది. పగటిపూట కాకులు తరిమితే బాల్కనీలో ఏసీ వెనక నక్కిన తెల్ల గుడ్లగూబకి కావాల్సింది చీకటి పడేదాకా ఒక మూల. కాకులకి కనబడకుండా దుప్పటి అడ్డం కట్టండి. మర్నాడు కూడా అక్కడే ఉంటే అప్పుడు ఫోన్ చేయండి.

అద్దానికి గుద్దుకుని పడిపోయిన డేగని పెట్టెలో పెట్టాక గంటకి లేచి నిలబడినా వదిలేయకండి. తలకీ కంటికీ లోపల దెబ్బ తగిలి ఉండవచ్చు. దూరం అంచనా వేయలేని డేగ వేటాడలేదు. డాక్టర్ కన్ను చూసి సరేనన్నాకే వదలాలి.

గాయమేదీ లేకుండా నీరసపడి, ముక్కు నుంచో నోటి నుంచో నెత్తురు వస్తుంటే ఎలుకల మందు తిన్న ఎలుకని తిని ఉండవచ్చు. ఆ మాట కూడా పెట్టె మీద రాయండి. ఒకే చోట మూడు నాలుగు పక్షులు చచ్చి పడి ఉంటే ముట్టుకోవద్దు. పక్షి జ్వరం కావచ్చు, పశుసంవర్ధక శాఖకో అటవీ శాఖకో చెప్పండి.

ఒక్క పక్షినే పట్టుకున్నా మాస్క్ పెట్టుకోండి, పని అయ్యాక చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. గోరు గీరుకుంటే కారుతున్న నీళ్ళ కింద బాగా కడిగి, టీటీ ఇంజెక్షన్ గురించి మీ డాక్టర్‌ని అడగండి. వాడిన తువ్వాలు వేడినీళ్ళలో విడిగా ఉతకండి, ఇంటి బట్టల్లో కలపకండి. మా ఇంట్లో దాని మీద మా ఆవిడ నల్ల మార్కర్‌తో 'గద్ద' అని రాసింది, కత్తెరతో కలిపి స్కూటర్ డిక్కీలో పెట్టింది. చుట్టాలొచ్చిన రోజు పొరపాటున ఎవరి చేతికీ వెళ్ళకూడదని.